గోదారి జిల్లాల్లో హైవే ఎక్కడం: బోర్డు చదవడం నుంచి లేన్‌లో కలిసేదాకా

ఊళ్లోనూ టౌన్లోనూ కారు బాగానే తిప్పుతున్నవాళ్లు కూడా నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "హైవే ఎక్కేటప్పుడు ఎప్పుడు దూరాలో తెలియట్లేదండీ. వెనకవాడు హారన్ కొడతాడు, లారీలు ఆగవు, టెన్షన్లో క్లచ్ వదిలేస్తున్నాను."

మన డెల్టాలో ఈ ఇబ్బందికి ఒక కారణం ఉంది. హైవే ఎక్కే దారులు అన్ని చోట్లా ఒక్కలా ఉండవు. ఒకచోట ఫ్లైఓవర్ పక్క నుంచి పొడవాటి ర్యాంపు ఉంటుంది. ఇంకోచోట సర్వీసు రోడ్డు నుంచి చిన్న సందు. మరోచోట కాలువ గట్టు రోడ్డు నేరుగా హైవేకి ఎక్కేస్తుంది. ఒకచోట అలవాటైన పద్ధతిని అన్ని చోట్లా వాడితే దెబ్బ తింటాం. అందుకే చోటును బట్టి విడివిడిగా రాస్తున్నాను. ఎక్కువగా కార్ల గురించే చెబుతాను, బైకుకీ ఆటోకీ తేడా ఉన్నచోట అది కూడా.

## 1. ఎక్కే చోటు ఏ రకమో ముందే తేల్చుకోండి

హైవే కనిపించగానే ఈ నాలుగింటిలో ఏదో చూడండి.

- ర్యాంపు: హైవే పక్కనే కొంత దూరం అదనపు లేన్ సాగి, తర్వాత సన్నబడి కలిసిపోతుంది. ఇక్కడ ఆగకూడదు, వేగం పెంచుకుంటూ కలవాలి.
- సర్వీసు రోడ్డు సందు: రెయిలింగ్ లేదా కెర్బ్ (రోడ్డు అంచున కట్టే చిన్న గట్టు) మధ్యలో ఖాళీ ఉంటుంది. వేగం పెంచుకునే చోటు తక్కువ.
- గట్టు రోడ్డు ఎక్కుడు: ఊరి రోడ్డు టీ ఆకారంలో హైవేని తాకుతుంది. ఇక్కడ పూర్తిగా ఆగాల్సిందే.
- డివైడర్ కట్: అవతలి వైపుకి వెళ్లడానికి డివైడర్ మధ్యలో ఉండే ఖాళీ. వేరే దారి ఉంటే దీని జోలికి పోవద్దు.

డివైడర్ లేని రెండు లేన్ల హైవే సంగతి వేరు, దాని గురించి 7లో చెబుతాను.

## 2. ఎక్కే చోట కనిపించే బోర్డులు

లైసెన్సు పరీక్షకి చదివిన బోర్డులన్నీ ఇక్కడ అక్కర్లేదు. ఇవి గుర్తుపడితే చాలు.

- ఎనిమిది మూలల ఎర్ర బోర్డు: ఆగుము. చక్రం పూర్తిగా ఆగాలి. రోడ్డు ఖాళీగా ఉన్నా సరే.
- తలకిందులుగా ఉన్న త్రిభుజం, ఎర్ర అంచు: దారి ఇవ్వు. ఆగాల్సిన అవసరం రాకపోవచ్చు, కానీ హైవే మీద వెళ్లేవాడిదే ముందు. మన వైపు ఎక్కువమంది పట్టించుకోని బోర్డు ఇదే.
- త్రిభుజంలో అడ్డంగా లావు గీత, నిలువుగా సన్న గీత: ముందు పెద్ద రోడ్డు వస్తోంది. మీరు సన్న గీత మీద ఉన్నారు.
- త్రిభుజంలో నిలువుగా లావు గీత, పక్కకి సన్న గీత: మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నారు, ఆ పక్క నుంచి రోడ్డు కలుస్తోంది.
- నిటారు బాణానికి పక్క నుంచి గీత కలిసే బోర్డు: ట్రాఫిక్ వచ్చి కలిసే చోటు.
- ఎర్ర వలయంలో అంకె: గరిష్ఠ వేగం. ఈ అంకె దాటకూడదు.
- పసుపు నేల మీద గీసిన హెచ్చరిక: పని జరుగుతోంది, ఏర్పాటు తాత్కాలికం. ఒకే వైపు రోడ్డు మీద రెండు దిక్కుల బళ్లూ నడుస్తూ ఉండొచ్చు.
- పచ్చ నేల మీద తెల్ల అక్షరాలు: ఊళ్లు, దూరాలు, దిక్కులు. దీన్ని ర్యాంపు మొదట్లోనే చదివేయాలి. ర్యాంపు మీదకి వచ్చాక "రాజమండ్రి ఎటు, తణుకు ఎటు" అని తల ఎత్తి చూస్తే అద్దం చూసే టైము పోతుంది.

లావు గీత, సన్న గీత బొమ్మలు కలగాపులగం అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. లావు గీత మీద ఉన్నవాడే ముందు.

ఇక నేల మీది గీతలు. ర్యాంపు, హైవే కలిసే ముక్కు దగ్గర తెల్ల చారలతో త్రిభుజంలాంటి గుర్తు ఉంటుంది. అది తొక్కే చోటు కాదు. ఆ చారలు అయిపోయి ముక్కలు ముక్కలుగా తెల్ల గీత మొదలయ్యాకే కలవడానికి అనుమతి. పసుపు లైటు వెలిగి ఆరుతుంటే నెమ్మదించి చూసుకుని వెళ్లాలి. ఎర్ర లైటు అలా కొట్టుకుంటుంటే ఆగి వెళ్లాలి.

## 3. దూరాన్ని సెకన్లలో కొలవడం నేర్చుకోండి

హైవే మీద అన్ని బళ్లూ ఒకే వేగంతో రావు. డివైడర్ ఉన్న 4 లేన్ల రోడ్ల మీద కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం కారుకి 100, లారీకి 80, బైకుకి 80, ఆటోకి 50 కిలోమీటర్లు. బోర్డు మీద అంతకన్నా తక్కువ ఉంటే అదే లెక్క. కాబట్టి "దూరంగానే ఉంది కదా" అనుకున్నది ఆటో అయితే ఒక సంగతి, కారయితే ఇంకో సంగతి.

ఒక్క సెకనులో బండి వెళ్లే దూరం:

- 40 వేగంలో 11 మీటర్లు
- 60 వేగంలో 17 మీటర్లు
- 80 వేగంలో 22 మీటర్లు
- 100 వేగంలో 28 మీటర్లు

సెకను ఎంతసేపో నోటితో కొలవాలంటే "తాడేపల్లిగూడెం" అని మామూలుగా పలకండి. ఇంచుమించు ఒక సెకను. నవ్వుకోండి, కానీ బండిలో కూర్చున్నాక గడియారం చూసే వీలుండదు కదా. ముందు వెళ్లే బండి ఒక స్తంభం దాటాక మీరు అక్కడికి చేరేలోపు మూడు తాడేపల్లిగూడేలు పట్టాలి. వానలోనూ రాత్రి పూటా నాలుగైదు.

ఆగి ఉన్న చోటు నుంచి బయల్దేరే లెక్క వేరు. మామూలు కారు 60 వేగం అందుకోవడానికి 8 సెకన్లు పట్టిందనుకోండి. ఆలోపు మీరు 65 మీటర్లు వెళ్తారు. 80 వేగంతో వచ్చే లారీ 178 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మీరు క్లచ్ వదిలేటప్పటికి ఆ లారీ 150 మీటర్ల పైన ఉండాలి. పదిహేను లారీలు వరసగా నిలబెట్టినంత దూరం. వచ్చేది కారయితే 200 మీటర్లు చూసుకోండి. మీరు నడిపేది నిండా జనం ఉన్న ఆటో అయితే 60 అందుకోదు కాబట్టి ఇంకా పెద్ద సందు కోసం ఆగాలి.

## 4. ర్యాంపు నుంచి కలవడం

ఎక్కే ముందు చూసుకోవాల్సినవి:

- కుడి పక్క అద్దంలో మీ బండి అంచు కాస్త, మిగతాదంతా రోడ్డు కనిపించాలి
- వెనక అద్దానికి అడ్డంగా బట్టల సంచులు, కొబ్బరి బొండాల మూట ఉండకూడదు
- పాటలు తగ్గించాలి, ఫోన్ దారి చెబుతుంటే ఒకసారి విని వదిలేయాలి
- బైకు అయితే వెనక కూర్చున్నవాళ్ల కొంగు, చున్నీ చక్రంలో పడకుండా చూడాలి

ఇక వరస:

1. ర్యాంపు మధ్యకి వచ్చేసరికే కుడి అద్దంలో హైవేని ఒకసారి చూడండి. ఎన్ని బళ్లు, ఏ రకం, ఎంత ఎడంగా వస్తున్నాయో ఒక అంచనా రావాలి.
2. అదనపు లేన్ మొదలవగానే కుడి ఇండికేటర్. కలిసే ముందు కనీసం మూడు నాలుగు సార్లు అది కొట్టుకోవాలి.
3. ఏ బండి వెనకాల దూరాలో ఎంచుకోండి. "ఏ బండి ముందు" అని ఎంచుకోవద్దు. లారీ ముందు దూరడం కన్నా లారీని పోనిచ్చి దాని వెనకాల కలవడం ఎప్పుడూ తేలిక.
4. వేగం పెంచండి. నాలుగో గేరులో ఈడుస్తుంటే మూడుకి దించి యాక్సిలరేటర్ నొక్కండి. మీరు 60లో, లారీ 80లో ఉంటే అది సెకనుకి ఐదారు మీటర్లే దగ్గరవుతుంది. మీరు ఆగి ఉంటే సెకనుకి 22 మీటర్లు.
5. అద్దం చూడండి, కుడి భుజం మీదుగా ఒక్క చూపు విసరండి, మళ్లీ అద్దం. ఆ భుజం చూపులోనే అద్దానికి అందని బైకు దొరుకుతుంది. తల తిప్పేటప్పుడు స్టీరింగ్ కూడా తిరిగిపోవడం కొత్తవాళ్లకి మామూలే. ఖాళీ మైదానంలో పదిసార్లు చేస్తే పోతుంది.
6. ఏటవాలుగా, మెల్లగా ఎడమ లేన్‌లోకి కలవండి. అక్కడి నుంచి అదే ఊపులో డివైడర్ పక్క లేన్‌కి పోవద్దు. కాసేపు ఎడమ లేన్లోనే ఉండి కుదురుకోండి.
7. ఇండికేటర్ ఆపండి. ముందు బండికి మూడు సెకన్ల ఎడం సరిచేసుకోండి.

బళ్ల మధ్య సందు దొరకలేదా? అది ముందే తెలుస్తుంది. అదనపు లేన్ సగంలో ఉండగానే వేగం తగ్గించండి, చివరికంటా పోయి బ్రేకు వేయకండి. నేను మొదట్లో ఒకసారి అదే చేశాను. లేన్ చివర కెర్బ్‌కి ఆనించినట్టు ఆపేశాను. మళ్లీ బయల్దేరడానికి ముందు రోడ్డే లేదు, వెనకాల ఇటుకల ట్రాక్టరు. నాలుగు నిమిషాలు అలా నిలబడ్డాక ఒక లారీ డ్రైవరు దయతలచి డివైడర్ వైపు జరిగి దారిచ్చాడు. ఆగక తప్పదనుకుంటే చివరికి బాగా ముందే ఆగాలి. ముందున్న ఆ రోడ్డే మళ్లీ వేగం ఇచ్చేది.

## 5. సర్వీసు రోడ్డు సందు

ఇక్కడ ర్యాంపు పద్ధతి సగమే పనిచేస్తుంది. సందుకి ముందు సర్వీసు రోడ్డు మీదే 30, 40 వేగం తెచ్చుకుని, హైవే ఖాళీ అయితే కలిసిపోవడం, కాకపోతే సందు ముందే ఆగడం. సందులో ముక్కు పెట్టి ఆగడం మాత్రం వద్దు.

కుడివైపు ఎంత చూస్తారో ఎడమవైపూ ఒకసారి చూడండి. నియమం ప్రకారం అటు నుంచి ఎవరూ రాకూడదు. వస్తారు. అర కిలోమీటరు అవతల యూటర్న్ ఉన్నా రాంగ్ రూట్లో వచ్చే బైకులు, గడ్డి మోపులు కట్టిన టీవీఎస్‌లు ఈ సందుల దగ్గరే తగులుతాయి. కడియపులంక నర్సరీల దగ్గర మొక్కలు ఎక్కించుకుంటున్న వ్యాన్ల వెనక నుంచి మనుషులు కూడా హఠాత్తుగా వస్తారు.

## 6. గట్టు రోడ్డు ఎక్కుడు

మన డెల్టాకే ప్రత్యేకమైన చోటు ఇది. ఊరి రోడ్డు కాలువ పక్కన పల్లంలో ఉంటుంది, హైవే ఎత్తున కట్టపై ఉంటుంది. చివరి పది ఇరవై మీటర్లు నిటారుగా ఎక్కాలి. పైకి చేరేసరికి కారు ముక్కు ఆకాశం చూస్తుంది, రోడ్డు కనపడదు. పక్కన అరటి తోటో, కొబ్బరి బొండాల బడ్డీయో ఉంటే కుడివైపు అసలే మూసుకుపోతుంది.

మా మేనకోడలికి డ్రైవింగ్ నేర్పించింది ఇలాంటి ఎక్కుడు మీదే. రావులపాలెం వైపు వెళ్లే రోడ్డు మీదకి ఎక్కాలి. పైదాకా వచ్చి బ్రేకు మీద కాలు పెట్టింది.

"మావయ్యా, లారీ వెళ్లిపోయింది. వెళ్లనా?"

"ఆగమ్మా. లారీ వెనకాల ఏముందో చూశావా?"

లారీ నీడలోంచి ఒక కారు బయటికొచ్చింది. అది దాటాక బ్రేకు మీంచి కాలు తీసింది. కారు ఒక అడుగు వెనక్కి జారింది. వెనకాల పాల క్యాన్లతో ఒకాయన. ఆయన కేకకి తనకి ఇంజన్ ఆగిపోయింది. ఆ రోజు అరగంట హ్యాండ్ బ్రేకు తప్ప ఇంకేమీ నేర్పలేదు.

ఎక్కుడు మీద చేయాల్సిన వరస ఇదీ:

1. కింద ఉండగానే మొదటి గేరు. సగం ఎక్కాక గేరు మార్చొద్దు.
2. ముందు బండి పైకెళ్లి కలిసేదాకా మీరు కిందే ఉండండి. అది వెనక్కి జారొచ్చు.
3. పైన ముందు చక్రాలు చదునుకి వచ్చాక, హైవే తెల్ల అంచు గీత తాకకముందే ఆగండి. రోడ్డు కనిపించాలని ముక్కు లోపలికి పెట్టకండి. సీట్లోనే ముందుకి వంగి చూడండి.
4. హ్యాండ్ బ్రేకు వేయండి. కుడి కాలు ఇక యాక్సిలరేటర్‌కి ఖాళీ.
5. కిటికీ అద్దాలు దించండి. కనిపించని లారీ వినిపిస్తుంది.
6. కుడి, ఎడమ, మళ్లీ కుడి. పెద్ద బండి దాటాక దాని వెనక రోడ్డు పూర్తిగా కనిపించేదాకా ఒక తాడేపల్లిగూడెం ఆగండి.
7. 150, 200 మీటర్ల సందు కనిపిస్తే క్లచ్ సగం వదలండి. బండి లాగుతున్నట్టు తెలిశాకే హ్యాండ్ బ్రేకు దించండి.
8. ఎడమకి తిరిగి ఎడమ లేన్లోనే ఉండండి. వెంటనే రెండో గేరు, మూడో గేరు. కలిశాక 30లో నడవడం, ఆగడం కన్నా ప్రమాదం.

వెనకాల హారన్ కొట్టేవాడి గురించి ఒక మాట. అతనికి హైవే కనిపించదు, మీకు కనిపిస్తుంది. కొట్టనివ్వండి.

## 7. డివైడర్ కట్, డివైడర్ లేని రోడ్డు

డివైడర్ కట్‌లో కుడికి తిరగడమంటే ఒక వైపు రోడ్డు దాటి, మధ్యలో ఆగి, అవతలి వైపు అందరికన్నా వేగంగా వెళ్లే లేన్లోకి ఆగిన చోటు నుంచి కలవడం. డివైడర్ సన్నగా ఉంటే మీ కారు తోక వెనక లేన్లో మిగిలిపోతుంది. ట్రాక్టరు ట్రక్కు అయితే చెప్పనక్కర్లేదు. నా సలహా ఒక్కటే. ఎడమకి తిరిగి, ముందున్న అండర్‌పాస్ దాకానో జంక్షన్ దాకానో వెళ్లి తిరిగి రండి. తప్పనిసరైతే మధ్యలో మీ బండి మొత్తం పడుతుందో లేదో ముందు చూసుకోండి. పట్టకపోతే రెండు వైపులా ఒకేసారి ఖాళీ దొరికేదాకా ఇవతలే ఆగాలి.

కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా వెళ్లే 216 నంబరు హైవే చాలాచోట్ల రెండు లేన్లే, మధ్యలో డివైడర్ ఉండదు. అక్కడ ఎడమకి తిరిగేటప్పుడు కూడా ఎడమవైపు చూడాలి. ఎదురుగా వచ్చే బస్సుని ఓవర్‌టేక్ చేస్తూ ఒక కారు సరిగ్గా మీరు ఎక్కబోయే లేన్లోనే వస్తూ ఉండొచ్చు. గోదావరి పాయల వంతెనలకి దగ్గర్లో ఎక్కితే వంతెన దాటేదాకా ఓవర్‌టేక్ ఆలోచన పెట్టుకోకండి. అక్కడ తప్పుకోవడానికి మట్టి అంచు ఉండదు.

## 8. కాలాన్ని బట్టి జాగ్రత్తలు

దమ్ము రోజుల్లో ట్రాక్టరు చక్రాల బురద ఎక్కుడు మీద, హైవే అంచున పడుతుంది. వాన జల్లు తగిలితే సబ్బు రాసినట్టే. యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కకండి. బైకు వాళ్లు బురద మీద ముందు బ్రేకు పట్టొద్దు.

సార్వా, దాళ్వా కోతల్లో సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. సగం రోడ్డే మిగులుతుంది కాబట్టి వేగం తెచ్చుకునే చోటు కూడా సగమే. ధాన్యం మీద చక్రం జారుతుంది. రాత్రి పూట ఆ రాళ్లు బండి దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు పడితే 150 మీటర్ల దూరం అసలు కనిపించదు. కనిపించని సందులోకి దూరకూడదు. హెడ్‌లైటు డిమ్‌లో పెట్టండి, బ్రైట్ వేస్తే మంచు మీద పడి తెల్లగోడలా కళ్లకే కొడుతుంది. వీలైతే ఎండ వచ్చేదాకా ఊళ్లో టీ తాగండి.

రాత్రి ఒకే లైటు కనిపిస్తే బైకు అనుకోవద్దు, ఒక లైటు పోయిన లారీ కావచ్చు. కలిశాక ఎడమ లేన్లో వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కు ఉండొచ్చు. పండక్కి ఊరొచ్చేవాళ్లకి ఇది ముఖ్యంగా చెబుతున్నాను, సిటీలో అవి తగలవు కాబట్టి.

## 9. ఎక్కువగా చూసే తప్పులు, సవరణ

- చారల త్రిభుజం మీదుగా అడ్డంగా కోయడం. వేగం పెరగకముందే హైవేలో పడతారు. అదనపు లేన్ ఎంత ఇస్తే అంత వాడుకోండి.
- కిటికీలోంచి చెయ్యి చూపించి దూరిపోవడం. చెయ్యి అడిగినట్టు మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది అవతలివాడి ఇష్టం.
- హైవే మీద వచ్చేవాడు డిప్పర్ కొట్టాడు (హెడ్‌లైటు వెలిగించి ఆర్పాడు) కాబట్టి రమ్మన్నాడనుకోవడం. మన రోడ్ల మీద డిప్పర్ అంటే చాలాసార్లు "నేనొస్తున్నా, ఆగు" అని. బండి నిజంగా నెమ్మదిస్తేనే కదలండి.
- ముందు కారుకి అంటుకుని దాని వెనకే వెళ్లిపోవడం. అతను చూసుకున్న సందు ఒక్క బండికే. మీ సందు మీరు చూసుకోవాలి.
- ముందు కారు వెళ్లిపోయిందనుకుని కుడివైపు చూస్తూ కదలడం. అతను మనసు మార్చుకుని ఆగుతాడు, మీరు వెళ్లి గుద్దుతారు. కదిలే క్షణంలో ముందు చూడండి.
- రాంగ్ రూట్లో "కొంచెం దూరమే కదా" అని వెళ్లడం. దీనికి సవరణ లేదు, మానడమే.

మీరు హైవే మీదే ఉండి పక్క నుంచి ఎవరైనా కలుస్తుంటే, కుడి లేన్ ఖాళీగా ఉన్నప్పుడు అటు జరగండి. ఖాళీ లేకపోతే కాస్త నెమ్మదించండి. సడన్ బ్రేకు వేసి మర్యాద చేయొద్దు.

## 10. నేర్చుకునేవాళ్లకి వరస

1. మొదటి రోజు బండి తీయకండి. ఒక ర్యాంపు పక్కన సురక్షితంగా ఉన్న చోట పావుగంట నిలబడి, వచ్చే బళ్లకి తాడేపల్లిగూడేలు లెక్కపెట్టండి.
2. ఆదివారం పొద్దున, వెలుగు వచ్చాక, ట్రాఫిక్ పెరగకముందు ర్యాంపు నుంచి ఐదుసార్లు ఎక్కి దిగండి. పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి, అరిచేవాళ్లు వద్దు.
3. తర్వాత సర్వీసు రోడ్డు సందు.
4. హ్యాండ్ బ్రేకు మీద పట్టు వచ్చాకే గట్టు రోడ్డు.
5. రాత్రి, వాన చివరికి.

ఫోన్లో 1033 సేవ్ చేసుకోండి, జాతీయ రహదారుల మీద బండి చెడినా ప్రమాదం జరిగినా సాయానికి అదే నంబరు. అంబులెన్సుకి 108, ఏ అత్యవసరానికైనా 112.

దిగాల్సిన చోటు దాటిపోతే బండి ఆపొద్దు, రివర్స్ అసలే వద్దు. తణుకు నుంచి వస్తూ రావులపాలెం దాటేశారా, గౌతమి వంతెన మీదుగా జొన్నాడ దాకా వెళ్లి తిరిగి రండి. వచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి ఎక్కడం ప్రాక్టీసవుతుంది.